నలభై టోపీల శిబిరం

పిల్లలెవరైనా తప్పిపోతే ఏం చేయాలో మా వేసవి శిబిరం నియమాల పుస్తకంలో పదకొండు పేజీలు రాశారు. ఎవరికి ఫోన్ చేయాలి, ఈల ఎన్నిసార్లు ఊదాలి, తల్లిదండ్రులతో ఎలాంటి గొంతుతో మాట్లాడాలి, అన్నీ ఉన్నాయి. పిల్ల ఒకతి ఎక్కువైతే ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది? పిల్లలు తక్కువైతే గోల గానీ, ఎక్కువైతే ఎవరికి పట్టింది?

నా సంగతి ముందు చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళు నేను రేవులో చేపలు లెక్కపెట్టాను. పడవ రాగానే గట్టు మీద కుప్ప పోయించి, రెండు చేతులతో రెండేసి ఏరి పక్కకి వేస్తూ, పైకి గట్టిగా లెక్క చెప్పడం నా పని. ఇరవై జతలైతే ఒక కుప్ప. కుప్ప పూర్తయ్యాక ఒక చేప కొసరు వేయాలి. కొసరు లెక్కలోకి రాదు, దాన్ని పైకి చెప్పకూడదు. కొనేవాడు అడగడు, అమ్మేవాడు అనడు, చేప మాత్రం గంపలోకి వెళ్ళిపోతుంది. ఒకరోజు రేవుకి తూకం యంత్రం వచ్చింది. దానికి జతలూ తెలియవు, కొసరూ తెలియదు, గొంతూ లేదు. నన్ను ఇంటికి పంపేశారు. అయినా ఊళ్ళో అందరూ ఇప్పటికీ నన్ను లెక్కల మామ్మ అనే పిలుస్తారు.

రేవు పక్కనే రొయ్యలు ఒలిచే షెడ్డుంది. నూట ఇరవై మంది ఆడవాళ్ళు తలకి తెల్ల గుడ్డ టోపీ, కాళ్ళకి రబ్బరు బూట్లు వేసుకుని పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నిలబడి రొయ్యల తలలు తీస్తుంటారు. సెలవుల్లో వాళ్ళ పిల్లలు వెనక వసారాలో ఖాళీ పెట్టెల మధ్య ఆడుకునేవాళ్ళు. ఎప్పటినుంచో అంతే. ఈ ఏడాది పై దేశం నుంచి సరుకు కొనేవాళ్ళు తనిఖీకి వచ్చారు. వసారాలో ఒక పిల్లాడు పెట్టెని రైలుబండిలా లాక్కుంటూ కూతపెడుతుంటే, వాళ్ళలో ఒకాయన ఫోటో తీసుకుని మొహం చిట్లించాడు. మర్నాటికల్లా గేటుకి కాగితం అంటించారు. షెడ్డు ఆవరణలో పిల్లలు కనపడరాదు. పని చేసేవాళ్ళు చెప్పకుండా మూడు రోజులు మానేస్తే పేరు కొట్టివేయబడును.

వారం తిరక్కుండా ఆ షెడ్డు కంపెనీయే ఊళ్ళో ఒక గుడ్డ బ్యానరు కట్టింది. ‘సముద్ర నేస్తం: తీరప్రాంత బాలలకు ఉచిత వేసవి శిబిరం. మూడు వారాలు. పొద్దున్న ఏడున్నర నుంచి సాయంత్రం నాలుగున్నర వరకు.’ ఒక గుమ్మంలోంచి తరిమిన పిల్లలకి ఇంకో గుమ్మంలో తివాచీ పరిచారన్నమాట. చోటు నలభై మందికి. నలభై ఎందుకంటే, కంపెనీ పేరు అచ్చువేసిన నీలం టోపీలు నలభై తయారయ్యాయి. టోపీలు ముందు వచ్చాయి, పిల్లల్ని తరవాత ఏరారు.

ఏరడం కూడా ఎంత చక్కగా ఏరారో! షెడ్డు మేనేజరు పిల్లలు ఇద్దరు, ఐసు ఫ్యాక్టరీ యజమాని పిల్లలు ముగ్గురు, బ్యాంకులో పనిచేసేవాళ్ళ పిల్లలు, డాక్టరుగారి కవలలు. ఇలా పోగా పోగా, నూట ఇరవై మంది ఆడవాళ్ళ పిల్లలకి మిగిలిన చోట్లు పదకొండు. ‘స్థానికుల భాగస్వామ్యం’ కూడా ఉండాలని ఎక్కడో రాసుకున్నారట, ఆ భాగస్వామ్యాన్ని నేనే. రోజుకి నాలుగుసార్లు పిల్లల్ని లెక్కపెట్టి కాగితం మీద అంకె వేయాలి. కుర్చీ ఇచ్చారు, నెత్తి మీద ఫ్యానుంది. మెడలో నా ఫోటో ఉన్న కార్డు కూడా వేశారు. ఇరవై ఎనిమిదేళ్ళ రేవు బతుకులో నాకెవరూ కార్డు వేయలేదు, కాబట్టి మొదటి రెండు రోజులు దాన్ని నిద్రపోయేటప్పుడు కూడా తీయలేదు.

శిబిరాన్ని నడిపేది డైరెక్టర్ మేడమ్. నగరం నుంచి రోజూ కారులో వస్తుంది. మనిషి చెడ్డదేం కాదు, కాకపోతే ఆవిడ కళ్ళు చేతిలోని అట్ట మీంచి ఎప్పుడూ పైకి లేవవు. ఆ అట్టకి క్లిప్పుతో బిగించిన కాగితాల్లో ఏముంటే అదే ఆవిడకి లోకం. శిబిరం పెట్టింది సముద్రానికి రెండు వీధులు వెనకనున్న సామాజిక భవనంలో. సముద్రం వైపు కిటికీలు నాలుగున్నాయి. పిల్లల ధ్యాస చెదురుతుందని నాలుగూ మూయించి, వాటి మీద అలల బొమ్మలున్న నీలం తెర కట్టించింది. నిజం సముద్రం గోడ అవతల హోరుమంటుంటే, పిల్లలు తెర మీది అలలు ఎన్నో చెప్పాలి.

ఇక బెంచీల మీద ఈత. నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తే ఇన్సూరెన్సు ఒప్పుకోదట. అందుకని పిల్లల్ని బెంచీల మీద బోర్లా పడుకోబెట్టి కాళ్ళూ చేతులూ ఆడించమనేది. ఐదేళ్ళకే రేవు గట్టు మీంచి నీళ్ళలోకి దూకే పిల్లలు వీళ్ళలో ఉన్నారు. వాళ్ళు పొట్టలు బెంచీకి ఒరుసుకుపోతుండగా గాల్లో ఈత కొడుతుంటే, మేడమ్ పుస్తకంలో చూసి, “మోచెయ్యి పైకి, మోచెయ్యి పైకి” అనేది. ఒకడు కావాలని దభీమని కింద పడి “మునిగిపోతున్నాను, కాపాడండి” అని కేకలు పెట్టాడు. వాణ్ణి మూల కూర్చోబెట్టారు. మునిగిపోయేవాడికి మా శిబిరం చేసిన సాయం అదొక్కటే.

ఇంకో ముచ్చట పేర్లది. సొంత పేర్లతో పిలిస్తే తేడాలొస్తాయని ప్రతి పిల్లకీ ఒక సముద్రజీవి పేరు పెట్టి, ఆ పేరు రాసిన బ్యాడ్జి మెడలో వేసింది. డాల్ఫిన్, నక్షత్ర చేప, ఆక్టోపస్, పీత, సొర. వల వేసేవాడి కొడుక్కి పెంగ్విన్ వచ్చింది.

“మేడమ్, పెంగ్విన్ మన సముద్రంలో ఉంటుందాండీ?” అని అడిగాడు వాడు.

“ఊహించుకో,” అంది ఆవిడ అట్ట మీద టిక్కు పెడుతూ.

ఊదితే ఎగిరిపోయేలా ఉండే ఒక బక్కపిల్లాడికి తిమింగలం అని పేరు పెట్టింది. ఈ తిమింగలం సంగతి నాకు మొదటిరోజే తెలిసిపోయింది. మేడమ్ కారు వీధి మలుపులో ఆగింది. వెనక తలుపు తీసుకుని వీడు దిగి, చివరి నాలుగు ఇళ్ళూ నడుచుకుంటూ ఒక్కడే గేటు దగ్గరికొచ్చాడు. ఆవిడ చెల్లెలి కొడుకు. తీరప్రాంత బాలల్లో చేరిపోయాడు. పాపం వాడికి నటించడం రాదు. రోజుకి మూడుసార్లైనా “పెద్ద...” అని నాలిక కరుచుకుని “మేడమ్” అనేవాడు.

ఇప్పుడు ఆ ఎక్కువైన పిల్ల గురించి. దానికి ఏడేళ్ళు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని పేటంతా బుడంకాయ అంటారు. తల్లి షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది, ఒంటరి మనిషి. మొగుడు ఎటో వెళ్ళాడు, వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. శిబిరం మొదటిరోజు ఏడుంపావుకే కూతుర్ని తీసుకుని గేటు దగ్గర నిలబడింది. మేడమ్ అట్ట చూసి, నలభై నిండాయంది.

“ఒక మూల కూర్చుంటుందండీ. టోపీ కూడా వద్దు,” అంది తల్లి.

“టోపీ లేకుండా ఎలాగమ్మా? ఫోటోలో ఒక్క తల వేరుగా కనపడదూ?”

షెడ్డు సైరన్ మోగింది. మొదటి సైరన్‌కీ రెండో సైరన్‌కీ మధ్య పది నిమిషాలు, ఆ తరవాత గేటు వేసేస్తారు. తల్లి నా మొహం కూడా చూడకుండా పిల్లని నా కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చోబెట్టింది. “ఇక్కడే ఉండు. కదిలావంటే వీపు చిట్లగొడతాను,” అని దానికి చెప్పి పరుగెత్తింది. ఆ మాట పిల్లకి చెప్పినా, విన్నది నేను.

తొమ్మిదింటికి మెట్టు మీదికి ఎండ వచ్చింది. పిల్లని వరండాలోకి జరగమన్నాను. పదింటికి వరండాలో నేల కాలిపోతోంది. తలుపు లోపలికి జరగమన్నాను. పదకొండింటికి చూస్తే అది ఆఖరి వరసలో కూర్చుని, ఎవరో సగం విరిచిచ్చిన బిస్కట్టు తింటూ తెర మీది అలలు లెక్కపెడుతోంది. అప్పుడే నా లెక్క వేళయింది. రెండేసి వేళ్ళు చాపుతూ జతలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. ఇరవై జతలు. ఆఖర్న ఒక పిల్ల మిగిలింది. నా చెయ్యి దానంతటదే ఆ పిల్లని పక్కకి తోసేసింది, నోరు దానంతటదే “నలభై” అంది. ఒట్టు, ఆ రోజు కావాలని చేయలేదు. కుప్పకి కొసరు పడింది, అంతే.

ఇంటికి వెళ్ళాక తెలిసింది నేనేం చేశానో. రెండో రోజు తెలిసే చేశాను. మూడో రోజు నుంచి హాయిగా చేశాను.

పెద్దవాళ్ళెవరూ చెప్పకుండానే పిల్లలు మిగతాది సర్దేశారు. టోపీ లేని తల ఒక్కటి కనపడితే కొంప మునుగుతుందని వాళ్ళకి అర్థమైపోయింది. పడవలో చుక్కాని పట్టుకోవడానికి వంతులు వేసుకున్నట్టు, టోపీకీ బ్యాడ్జికీ రోజుకొకరు వంతు వేసుకున్నారు. ఇవాళ పీత తన టోపీ, బ్యాడ్జి బుడంకాయకి ఇచ్చేసి, మేడమ్ తలెత్తే ప్రమాదం ఉన్నప్పుడల్లా దొడ్డివైపు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఉంటాడు. రేపు డాల్ఫిన్. డాక్టరుగారి కవలలు కూడా వంతు ఎగ్గొట్టలేదు, మేనేజరు కూతురు ఒకరోజు ఎక్కువ కూడా ఇచ్చింది. తండ్రి ఏ పిల్లల్ని తరుముతూ కాగితం మీద సంతకం పెట్టాడో ఆ పిల్లకి తెలియదు, తెలిసినా లెక్కచేసేది కాదేమో. సంస్కారం శిబిరంలో నేర్పారని మాత్రం నేను చెప్పను. అది వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్నారో, బెంచీల మీద ఈత తెచ్చిన విసుగులో పుట్టిందో ఆ దేవుడికే తెలియాలి.

అలా మూడో వారం శుక్రవారం దాకా నెట్టుకొచ్చాం. శనివారంతో శిబిరం ఆఖరు. శుక్రవారం కంపెనీ ఆఫీసరు వస్తున్నాడు, కంపెనీ చేసే మంచిపనులన్నిటికీ ఫోటోలు తీయించడం ఆయన ఉద్యోగం. నలభై సర్టిఫికెట్లు, నలభై సంచులు, నలభై ప్లాస్టిక్ కుర్చీలు సిద్ధం చేశారు. మేడమ్ పొద్దున్నుంచి ఒక్కచోట నిలవలేదు. ఈ రోజు సవ్యంగా జరిగితే వచ్చే ఏడాది శిబిరం కూడా ఆవిడకే ఇస్తారట.

ఆఫీసరు వచ్చాడు. మేడమ్ ఈల ఊదింది. పిల్లలు కుర్చీల మీద పడ్డారు. కుర్చీలన్నీ నిండాయి. ఈలకి కంగారుపడి కుళాయి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన ఒక్క పిల్లాడు మిగిలిపోయి నిలబడ్డాడు.

మేడమ్ ముందు కుర్చీలవాడి మీద విరుచుకుపడింది. నలభై అంటే ముప్ఫై తొమ్మిది పంపుతావా అని ఫోన్లో దులిపేసింది. తరవాత కుర్చీలు లెక్కపెట్టింది, నలభై ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది, మళ్ళీ నలభై. అప్పుడు, మూడు వారాల్లో మొదటిసారి, పిల్లల్ని లెక్కపెట్టింది. నలభై ఒకటి. అట్ట పట్టుకుని నా మీదికి వచ్చింది.

“లెక్కల మామ్మా! పొద్దున్న ఎంతమంది వచ్చారు?”

“నలభై అండీ.”

“మరి ఇప్పుడు నలభై ఒకటెలా అయ్యారు?”

“పిల్లలు కదండీ, పెరుగుతుంటారు.”

ఆఫీసరు దగ్గాడు. ఆయనకి నవ్వొచ్చిందో భయమేసిందో తెలియలేదు. “ఇన్సూరెన్సు నలభై తలలకే చేయించాం మేడమ్,” అన్నాడు మెల్లిగా. “నలభై ఒకటో తలకి ఏమైనా అయితే మనం ఏం చెప్పుకోవాలి?” నలభై ఒకటో తలకి ఏమవుతుందని అంత బెంగ పెట్టుకున్నాడో గానీ, ఫ్యాను కింద కూడా చెమటలు పట్టాయి ఆయనకి.

బుడంకాయ ఎక్కడుందో చూశాను. మొదటి వరసలో, మధ్య కుర్చీలో, టోపీ పెట్టుకుని, మెడలో ‘తిమింగలం’ బ్యాడ్జితో బిగుసుకుని కూర్చుంది. దొరికిందంటే శనివారం దాకా కూడా ఆగకుండా గేటు బయట పడేస్తారు. తల్లి అప్పటికే కాన్పుకి వెళ్ళిన చెల్లెలి కోసమని రెండు రోజులు మానేసి ఉంది. మూడో రోజు మానితే షెడ్డులో పేరు ఉండదు. ఒక్క చోటు పోతే ఇద్దరి బతుకు తలకిందులవుతుంది.

ఇంతలో మేడమ్ నిలబడ్డ పిల్లాడి దగ్గరికి వెళ్ళింది. కళ్ళు అట్ట మీదే ఉన్నాయి. “నీ బ్యాడ్జి ఏది?”

పిల్లాడు ఖాళీ మెడ తడుముకున్నాడు.

“టోపీ ఏది? రెండూ లేవంటే నువ్వు శిబిరం పిల్లాడివి కాదు. మామ్మా, ఈ అబ్బాయిని గేటు బయటికి పంపించెయ్.”

నేను నిజమే చెబుతాను, ఆ నిమిషం నాకు భలే సంతోషం వేసింది. ఆ పిల్లాడెవరో నాకు తెలుసు, వంతు వాడిదని తెలుసు. ఒక్కమాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. వాడి చెయ్యి పట్టుకుని గేటు వైపు తిప్పాను కూడా. నాలుగడుగులు వేసేసరికి వాడు బావురుమన్నాడు.

“పెద్దమ్మా, నేనే! నన్ను పంపించెయ్యకు పెద్దమ్మా!”

మేడమ్ అట్ట మీంచి తలెత్తింది. కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు ఆ మొహంలో.

“పెద్దమ్మా?” అన్నాడు ఆఫీసరు.

“పిల్లలు ప్రేమ కొద్దీ అలా పిలుస్తుంటారు సార్.”

“మమ్మల్ని కూడా పిలవమంటారా మేడమ్?” అని అడిగాడు పెంగ్విన్, చెయ్యెత్తి, ఎంతో మర్యాదగా.

ఆఫీసరు వంగి పిల్లాడి కళ్ళు తుడిచాడు. “బాబూ, మీ ఇల్లెక్కడ?”

“ఐదో అంతస్తండీ.”

“సముద్రం దగ్గరేనా?”

“కాదండీ. కారులో గంటంపావు. మధ్యలో నేను వాంతి చేసుకుంటే గంటన్నర.”

తీరప్రాంత బాలుడి సంగతి అలా తేలిపోయింది. మేడమ్ నీళ్ళు నమలడం మొదలుపెట్టింది. ఆఖరి నిమిషంలో ఒక చోటు ఖాళీ అయిందనీ, ఎవరూ ముందుకు రాలేదనీ ఏదో గొణిగింది. ఎవరూ ముందుకు రాలేదట! గేటు దగ్గర ఏడుంపావు నుంచి నిలబడ్డ మనిషిని నేను ఈ కళ్ళతో చూశాను. ఆ మాట అనబోతుంటే బుడంకాయ కుర్చీ దిగింది. టోపీ తీసి వాడి నెత్తిన పెట్టింది. బ్యాడ్జి తీసి వాడి మెడలో వేసింది. వాడు ఎక్కిళ్ళు పెడుతుంటే వీపు తట్టింది కూడా.

“వీణ్ణి తిట్టకండి. ఇవాళ వీడి వంతండీ, అందుకే నాకిచ్చాడు. రేపు సొర వంతు,” అంది ఆఫీసరుతో.

“మరి నువ్వెవరమ్మా?”

“నేను లెక్కలో లేనండీ.”

అది ఏడవలేదు. వాన పడుతోంది అన్నంత మామూలుగా అంది. అంతవరకు ముసిముసిగా నవ్వుకుంటున్న నాకు చెంప పగిలినట్టయింది. మూడు వారాలుగా ఆ పిల్లని లెక్కలో లేకుండా చేసి కాపాడుతున్నాననుకున్నాను. అది మాత్రం ఆ మాటని తన పేరులా నేర్చేసుకుంది.

తల్లి షెడ్డులో పనిచేస్తుందని తెలియగానే ఆఫీసరు మొహం దీపం పెట్టినట్టయింది. కంపెనీ పుస్తకంలో వేయడానికి ఇంతకన్నా మంచి ఫోటో ఆయనకి ఎక్కడ దొరుకుతుంది! చిటికెలో తీర్పు చెప్పేశాడు. తిమింగలం పేరు కొట్టేసి అక్కడ ఈ పిల్ల పేరు రాయాలి. తల్లి సంతకం కావాలి, ఇప్పుడే, ఇక్కడే, ఫోటోతో సహా. మరి మేడమ్ చెల్లెలి కొడుకో? వాణ్ణి ‘బాల స్వచ్ఛంద సేవకుడు’ అని ప్రకటించి మెడలో ఈల వేశారు. బుడంకాయకి కుర్చీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. వాడికి కొత్త ఉద్యోగం పుట్టడానికి ఒక్క నిమిషం పట్టింది, కుర్చీ కూడా లోపలి గదిలోంచి వచ్చేసింది. వాడి తప్పు లేదు, వాడు ఆ ఈలని వెంటనే బుడంకాయకి ఊదడానికిచ్చాడు.

షెడ్డుకి ఫోన్ చేసి, ఫలానా మనిషిని శిబిరానికి పంపమన్నారు. ఎందుకో చెప్పలేదు. పిల్లలున్న చోటి నుంచి ఫోన్ వస్తే తల్లి ఏమనుకుంటుంది? రెండు వీధులూ రబ్బరు బూట్లతో పరుగెత్తుకొచ్చింది. చేతికి తొడుగులు అలాగే ఉన్నాయి, వాటికి రొయ్య మీసాలు అంటుకుని ఉన్నాయి. గుమ్మంలో నిలబడి హాలంతా కళ్ళతో వెతికింది. పిల్ల కనపడగానే కూలబడిపోయి, తొడుగులతోనే దాని మొహం, కాళ్ళు, చేతులు తడిమింది. పిల్ల మొహమంతా రొయ్యల కంపు అంటుకుంది. ఆ ఒక్క నిమిషం ఎవరూ ఫోటో తీయలేదు, ఫోను ఇంకా ఆఫీసరు జేబులోనే ఉంది.

తరవాత ఆయన తేరుకున్నాడు. తొడుగులు తీయమన్నాడు. టోపీ సరిచేసుకోమన్నాడు. కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. పెట్టింది. ఫోటో సరిగ్గా రాలేదని, పెట్టిన సంతకం మీదే కలం ఆనించి మళ్ళీ పెడుతున్నట్టు నటించమన్నాడు. “కాస్త నవ్వమ్మా, శుభవార్తే కదా,” అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు, మేడమ్ అందరికన్నా గట్టిగా కొట్టింది.

చప్పట్లు ఆగాక తల్లి కలం తిరిగిచ్చేసి అడిగింది. “సోమవారం నుంచోనండీ?”

“సోమవారం ఏముందమ్మా?”

“ఇది రేపటితో ఆఖరు కదండీ. బడి తెరవడానికి ఇంకా మూడు వారాలుంది. షెడ్డులోకి పిల్లని తేవద్దని మీరే కాగితం అంటించారు. ఎక్కడ ఉంచమంటారు?”

ఆఫీసరు మేడమ్ వైపు చూశాడు. మేడమ్ అట్ట వైపు చూసింది. అందులో సోమవారం లేదు.

“వచ్చే ఏడాది ఎనభై టోపీలు వేయిస్తున్నాం,” అన్నాడాయన.

“అభిప్రాయాల కాగితం ఇస్తాను, అందులో రాయండి. తప్పకుండా చదువుతారు,” అంది మేడమ్.

తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తరవాత నా వైపు తిరిగింది. మూడు వారాల్లో నా మొహంలోకి చూడటం అదే మొదలు.

ఇంతసేపు అందరినీ కడిగేశాను కాబట్టి, నేను దాచుకున్నది కూడా చెప్పేయాలి. షెడ్డు గేటుకి కాగితం అంటించిన రోజు సాయంత్రమే ఆ అమ్మాయి, అదే బుడంకాయ తల్లి, మా ఇంటికొచ్చింది. మాది రెండు గదుల ఇల్లు, షెడ్డుకి కూతవేటు దూరం. ఒక్కదాన్నే ఉంటాను. “పిన్నీ, సెలవులయ్యేదాకా పిల్లని నీ దగ్గర ఉంచుకుంటావా? దాని తిండి నేనే కట్టిస్తాను,” అని గుమ్మంలోనే నిలబడి అడిగింది. మోకాళ్ళ నొప్పులమ్మా, పిల్లల వెంట పరుగెత్తలేను అన్నాను. సరే పిన్నీ అని వెళ్ళిపోయింది. ఆ తరవాత కంపెనీవాళ్ళు వచ్చి నలభై మంది పిల్లల్ని చూడాలి, కుర్చీ ఉంటుంది, కార్డు వేస్తాం అన్నారు. ఆ రోజు మోకాళ్ళు గుర్తుకే రాలేదు.

ఇప్పుడా అమ్మాయి ఏమీ అడగలేదు. ఒకసారి అడిగి ఉంది కాబట్టి మళ్ళీ అడగదు. ఆఫీసరు మీదా మేడమ్ మీదా విసరడానికి నా నోట్లో బోలెడు మాటలున్నాయి, ఒక్కటీ పనికిరాలేదు. సిగ్గేసింది. అంత సిగ్గు నాకు రేవులో లెక్క తప్పినప్పుడు కూడా వేయలేదు.

“సోమవారం పొద్దున్నే మా ఇంటికి తీసుకురా,” అన్నాను. “బడి తెరిచేదాకా నా దగ్గరే ఉంటుంది.”

“అద్భుతం!” అన్నాడు ఆఫీసరు. “చూశారా, స్థానికులు ఎలా ముందుకొస్తారో!” అంటూ ఫోను నా మొహానికి గురిపెట్టాడు. మేడమ్ అట్ట మీద ‘శిబిరం అనంతర కార్యక్రమం’ అని రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

అమ్మాయి మాత్రం కదల్లేదు.

“మరి మోకాళ్ళో పిన్నీ?” అని అడిగింది. వెటకారం లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

“అది అబద్ధం కాదమ్మాయ్,” అన్నాను. “నొప్పులు నిజంగానే ఉన్నాయి.”

“నాకూ ఉన్నాయి పిన్నీ,” అంది. కూతురి నెత్తి ఒకసారి నిమిరి, తొడుగులు మళ్ళీ తొడుక్కుని, బూట్లు ఈడ్చుకుంటూ షెడ్డుకి వెళ్ళిపోయింది.